కుడివైపు కుట్టిన జేబు

ఆ నడికట్టు గుడ్డ నా మిషన్ మీద పెట్టి, దానికి లోపలివైపు ఒక జేబు కుట్టమన్నాడు. ఎంత పొడవు అని అడిగాను. దర్జీ అడగక తప్పదు. ఆయన నోటితో చెప్పలేదు. మోచేతి మడత దగ్గర వేలు పెట్టి మణికట్టు దాకా గీత గీసినట్టు చూపించాడు. వెడల్పు నాలుగు వేళ్ళు. చుట్టలు పెట్టుకునే జేబు ఆ కొలతలో ఉండదు. బీడీకట్ట, అగ్గిపెట్టె పెట్టుకునేదీ ఉండదు. ఆ కొలతలో ఏది పడుతుందో మా వైపు పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

"ఎడమ పక్క కుట్టు. కుడిచెయ్యి పల్లకి కొమ్ము మీద ఉంటాది" అన్నాడు.

డెబ్బైల చివరి సంవత్సరాలు. నేను నంద్యాల వాణ్ణి. మాది కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం. ఐదో తరగతి కాగానే నాయన నన్ను బడి మాన్పించి మిషన్ పనిలో పెట్టాడు. మిగిలిన చదువంతా నాకు లైబ్రరీ ఇచ్చిందే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ గర్వమే. నంద్యాల లైబ్రరీలో తెలుగు బీరువాలు ఒక చివర నుంచి మొదలుపెట్టి చదువుకుంటూ పోయాను. నక్షత్రాల గురించి, సముద్రాల గురించి, ఫ్రాన్సు రాజును ప్రజలు ఏం చేశారన్న దాని గురించి నాకు తెలిసింది కాజాలు కుట్టుకుంటూ, మధ్యాహ్నం అన్నం తినే వేళలో. తర్వాత ఆళ్లగడ్డలో ఒక కిరాణా అంగడి వసారాలో మిషన్ వేసుకున్నాను. శనివారం సాయంత్రం బస్సెక్కి నంద్యాల పోవడం, ఆదివారం ప్రార్థన అయ్యాక లైబ్రరీలో కూర్చోవడం, సోమవారం పొద్దున మళ్ళీ ఆళ్లగడ్డ. నా వారం అట్లా నడిచేది.

జేబు కుట్టమన్న మనిషి నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. ఆళ్లగడ్డకు నడిచి వచ్చేంత దూరంలో వాళ్ళ ఊరు. కొద్దిగా మెట్ట పొలం, దానితో పాటు తాతల నాటి నుంచి వచ్చిన ఒక బాధ్యత ఉండేది. అహోబిలం స్వామి ఏటా పంటలు ఇంటికొచ్చే కాలంలో కొండ దిగి, తన పెళ్ళికి అందరినీ పిలవడానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతాడు. దాన్ని పారువేట అంటారు. నెలకు పైగా స్వామి పల్లకిలోనే ఊరూరా ఉంటాడు. ఇప్పుడెట్లా జరుగుతోందో నాకు తెలియదు. ఆ రోజుల్లో నేను చూసినంతవరకు, ఒక ఊరి బోయీలు తమ పొలిమేర దాకా మోసి అవతలి ఊరి వాళ్ళ భుజానికి అప్పగించేవాళ్ళు. వాళ్ళ ఊళ్ళో పల్లకి బొంగు ముందు కొసను, అంటే ముందు కొమ్మును, కుడి భుజం మీద మోసే హక్కు వాళ్ళ ఇంటిది. మొదట వాళ్ళ నాయన మోశాడు, తర్వాత వాళ్ళ అన్న.

ఆ అన్నను రెండేళ్ళ కిందట పొలం గట్టు మీద నరికారు. నరికిన మనిషి ఆ ఊరివాడే. వేరే పార్టీ. సాక్షులు నోరు విప్పలేదు, కేసు నిలవలేదు, ఆ మనిషి ఇంటికి తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచి ఈయన జుట్టు కత్తిరించలేదు, గడ్డం గీయలేదు. ఎందుకని ఎవరూ అడగరు. మా వైపు అది చదవడం రాని వాళ్ళు కూడా చదివేయగలిగిన రాత.

ఆయన పనిలేనప్పుడు నా మిషన్ పక్కన బియ్యం మూట మీద కూర్చునేవాడు. నేను కాలితో తొక్కుతూ లైబ్రరీలో చదివిన కథలు చెప్పేవాణ్ణి. చరిత్ర చెబితే నిద్రపోయేవాడు. ఆయనకు బాగా పట్టింది ఒకే ఒక్క కథ. పిల్లల మాసపత్రికలో బొమ్మలతో వచ్చే ధారావాహిక అది. తోలు రెక్కలు కట్టుకుని ఎగిరే ఒక వీరుడు. చిన్నప్పుడు వాడి తల్లిని ఎవడో చంపేశాడు. మొహం చూడలేదు, చీకట్లో దగ్గు మాత్రం విన్నాడు. ఆ దగ్గు కోసం ఊరూరా ఎగురుతుంటాడు. కానీ ప్రతి నెలా దారిలో ఏదో ఒక పని తగులుతుంది. ఎక్కడో పడవ మునుగుతుంది, ఎక్కడో గుడిసెలు అంటుకుంటాయి. వాడు అక్కడ దిగుతాడు, ఆ లోపల దగ్గినవాడు తప్పించుకుంటాడు.

దీని మీద మా ఇద్దరికీ ఎప్పుడూ వాదనే. లైబ్రరీ చదువు వల్ల నాకొక సిద్ధాంతం ఉండేది. అతిమానవులు రెండు రకాలు, పగ కోసం బయల్దేరిన వాళ్ళు, కర్తవ్యం కోసం బయల్దేరిన వాళ్ళు. పగవాడికి లోకమంతా కలిపి ఒకే మనిషి. ఆ మనిషి చచ్చాక రెక్కలు విప్పి మూల పెట్టుకోవాల్సిందే. కర్తవ్యంవాడికి మాత్రం రేపు కూడా పని ఉంటుంది. ఇట్లా నేను చాలా చక్కగా, పుస్తకం భాషలో చెప్పేవాణ్ణి.

ఆయన ఒకరోజు మధ్యలో ఆపి, "పడవ మునిగినోళ్ళు వానికి ఏమైతారప్పా?" అన్నాడు.

ఏమీ కారన్నాను.

"ఏమీ కానోళ్ళ కోసరం దిగితాడు, కన్నతల్లి కోసరం పోయేకి పొద్దు చాలదు. వాడేం మనిషప్పా. ఊరోళ్ళు మొగాన ఉమ్మరా?"

నా సిద్ధాంతంలో ఊరివాళ్ళు లేరు.

పారువేట దగ్గర పడుతుండగా వచ్చిన సంచికలో, వీరుడు ఒక మూసిన తలుపు ముందు నిలబడి ఉన్నాడు. లోపలి నుంచి ఆ దగ్గు వినిపిస్తోంది. వాడి చెయ్యి గడియ మీద ఉంది. అక్కడ ఆగింది. తరువాతి సంచిక ఆళ్లగడ్డకు రాలేదు. ఆ ఆదివారం నంద్యాల లైబ్రరీలో వెతికాను. లైబ్రేరియన్ పాత కట్టలన్నీ తిరగేసి, ఆ పత్రిక మూసేసినట్టుంది, వేరేది చదువుకో అన్నాడు. నేను ఆయన్ను బతిమాలి బీరువా వెనక కూడా చూశాను. అంత ఆత్రం నాకు నిజంగా కథ మీదే ఉందో లేదో చెప్పలేను. బియ్యం మూట మీద కూర్చునే మనిషి వారం వారం అడిగే ప్రశ్నకు జవాబు దొరుకుతుందని ఆశపడ్డాను.

సోమవారం నేను ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి ఆయన నడికట్టు గుడ్డతో కూర్చుని ఉన్నాడు.

ఎవరు కుట్టించమన్నారని అడిగాను. మామ అన్నాడు. మేనమామ. అన్న పోయినప్పటి నుంచి ఆ ఇంటి పెత్తనం ఆయనదే. ఆ మామ లెక్క చాలా సులువైనది. నరికిన మనిషి ఎప్పుడూ నలుగురిని వెంటేసుకుని తిరుగుతాడు. ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఒంటరిగా, చొక్కా లేకుండా, చేతిలో కొబ్బరికాయ తప్ప ఏమీ లేకుండా తల వంచుతాడు. పల్లకి కింద దూరేటప్పుడు. పల్లకి కింద దూరితే ఆ ఏడు మంచి జరుగుతుందని ఊరంతా దూరుతుంది. ఆ మనిషి దూరకపోతే భయపడ్డాడంటారు. కాబట్టి దూరి తీరతాడు. దూరేది ముందు కొమ్ము దగ్గరే. అక్కడ మోసేది ఈయనే.

వద్దనలేదు నేను. ఎవరికీ చెప్పలేదు. పోలీసులకు చెబితే ఆ రోజు ఆగుతుంది, మరుసటి రోజు ఇంకోచోట జరుగుతుంది. అంతకన్నా ముందు నా మిషన్ కాలువలో ఉంటుంది. అది నాకు స్పష్టంగా తెలుసు. గుడ్డ పరిచి సుద్దతో గీత గీశాను.

కుట్టేటప్పుడు ఆలోచించాను. పల్లకి మోసేవాడి కుడిచెయ్యి పైకెత్తి కొమ్మును పట్టుకుని ఉంటుంది. ఎడమ చేతిలో ఊతకర్ర ఉంటుంది గానీ దాన్ని వదిలేయడం ఎంతసేపు. జేబు ఎడమవైపు ఉంటే స్వామి భుజం మీద ఉండగానే పని అయిపోతుంది. నేను జేబును నడుముకు వెనకగా, కుడివైపు కుట్టాను. మూతి కుడిచేతికి మాత్రమే అందేలా. ఆ చెయ్యి కొమ్మును వదిలితే తప్ప అందులోది బయటికి రాదు.

ఆయన కట్టుకుని చూశాడు. ఎడమచేతిని వెనక్కి పోనిచ్చాడు, అందలేదు. కుడిచేతిని పోనిచ్చాడు, అందింది.

"ఎడమ పక్కని చెప్తిని గదా."

"ముందరైతే ఉబ్బెత్తుగా కనపడ్తాదన్నా" అన్నాను. అదీ నిజమే.

ఆయన నన్ను చూశాడు. అంగడి ముందు ఎద్దులబండి ఒకటి వచ్చి, సరుకు దించి, వెళ్ళిపోయేంతసేపు చూశాడని నాకనిపించింది. విప్పి మళ్ళీ కుట్టమంటాడనుకున్నాను. అనలేదు. గుడ్డ చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఆ రెక్కలోడు తలుపు తీసినాడా?" అన్నాడు పోతూ.

పత్రిక రాలేదన్నాను.

పల్లకి వచ్చే రోజు పొద్దున నేను మిషన్ మూసి వాళ్ళ ఊరికి నడిచి పోయాను. పల్లకితో మా వాళ్ళకు సంబంధం లేదు, అందుకని ఒక ఇంటి గోడవారగా నిలబడ్డాను. ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఊరి బయట నుంచి బూర ఊదడం వినిపించింది. జనం రోడ్డుకు రెండువైపులా చేరారు. పల్లకి మలుపు తిరిగింది. ముందు కొమ్ము కింద ఆయన, చొక్కా లేకుండా, పెరిగిన జుట్టు ముడేసుకుని. నేను మొహం చూడలేదు. నడుం వెనక చూశాను. నా కుట్టు పని నాకు తెలుసు. జేబు ఖాళీగా లేదు.

జనం ఒకరి తర్వాత ఒకరు వంగి పల్లకి కింద దూరుతున్నారు. పిల్లలను ఎత్తుకుని ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. అవతల, వీధికి అటువైపు అరుగు మీద మామ కూర్చున్నాడు, సైకిలు పక్కన పెట్టుకుని. నరికిన మనిషి ఎప్పుడు వచ్చాడో నేను గమనించలేదు. చుట్టూ మాటలు ఆగిపోతే చూశాను. తడిగుడ్డ కట్టుకుని, చేతిలో కొబ్బరికాయతో నడిచి వస్తున్నాడు. పల్లకి ముందు ఆగి మోసేవాడి మొహం చూశాడు. వాళ్ళిద్దరూ అంత దగ్గరగా నిలబడటం రెండేళ్ళలో అదే మొదటిసారి అయ్యుంటుంది. వెనక్కి పోవచ్చు. పోలేదు. తల వంచి, కొమ్ము కిందికి దూరాడు.

దూరి, అక్కడే ఆగాడు. మెడ సరిగ్గా ఈయన మోచేతి కింద ఉంది. ఎందుకు ఆగాడో నాకు ఇప్పటికీ తెలియదు. మొక్కుకుంటున్నాడేమో. చేస్తే చెయ్యి అని చూపిస్తున్నాడేమో.

కొమ్ము మీద నుంచి కుడిచెయ్యి లేవడం నేను చూశాను. ముందు వేళ్ళు విడిపోయాయి, తర్వాత అరచెయ్యి. పల్లకి ముందుకు ఒరిగింది, లోపలి గంటలు గలగలమన్నాయి. వెనక మోస్తున్న ముసలి బోయీ కోపంగా, మామూలు గొంతుతో అన్నాడు:

"కొమ్ము పట్టుకోరా. సామి ఒరుగుతాండాడు."

చెయ్యి గాలిలో ఉంది. తర్వాత కొమ్ము మీదికి తిరిగి వచ్చింది. ఆ మనిషి అవతలి వైపు లేచి నిలబడి, కొబ్బరికాయ కొట్టించుకుని, తీర్థం తీసుకున్నాడు.

అయిపోయిందనుకుని ఊపిరి వదిలాను. నాది తొందరపాటు. ప్రతి ఊళ్ళో పల్లకి దించడానికి ఒక అరుగు ఉంటుంది, తెలుపు అంటారు. అక్కడ దించాక బోయీల చేతులు ఖాళీ. పూజ జరుగుతున్నంతసేపు ఆ మనిషి పదడుగుల దూరంలోనే ఉన్నాడు. మామ లేచి వచ్చి జనంలో నిలబడ్డాడు. మిగతా బోయీలు నీళ్ళు తాగడానికి పక్కకు పోయారు. ఈయన పోలేదు. పల్లకి అరుగు మీద కూర్చున్నా, తన భుజం కొమ్ముకు ఆనించే ఉంచాడు, చెయ్యి కొమ్ము మీదే ఉంచాడు. బరువు లేని కొమ్మును మోస్తూ నిలబడ్డాడు. ఎవరో నవ్వారు కూడా, "సామి యాడికీ పోడు లేప్పా, వచ్చి మజ్జిగ తాగు" అని.

మధ్యాహ్నం దాటాక పల్లకి పొలిమేరకు బయల్దేరింది. అవతలి ఊరి బోయీలు భుజాల మీద తువ్వాళ్ళు మడిచి వేసుకుని సిద్ధంగా ఉన్నారు. మామ అప్పటికే అడ్డదారిన సైకిలు మీద వచ్చి నిలబడ్డాడు. నేను జనం వెంట నడుచుకుంటూ వచ్చాను. ఇక్కడ అప్పగిస్తే ఈ ఏటికి ఆయన పని తీరిపోతుంది. ఆ మనిషి ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు, పండగ కాబట్టి ఒంటరిగానే.

అవతలి ఊరి బోయీ భుజం పెట్టడానికి వచ్చాడు. ఈయన ఇవ్వలేదు.

"ఇంగ కొంచెం దూరం నేనే మోస్తా" అన్నాడు.

"ఏందప్పా, మా ఊర్లో మగోళ్ళు లేరనుకుంటివా? నీ భుజమేమన్నా ఇత్తడిదా?"

"మీలో ఒకనికి కాలు బెణికిందంట గదా. వాని బదులు నేనుంటా."

అట్లాంటి వాడెవడూ లేడు. కానీ ఆ నలుగురిలో ఒకడికి ఆ మాట నచ్చినట్టుంది, నాదే బెణికింది అని నవ్వుతూ పక్కకు తప్పుకున్నాడు. మామ సైకిలు తోసుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"దించి రారా. ఇంటికాడ పనుండాది."

"భుజం ఖాళీ లేదు మామా."

ఆ మాట గట్టిగా అనలేదు. బూర ఊదారు, పల్లకి కదిలింది. మామ దారి మధ్యలో నిలబడి ఉన్నాడు, స్వామి వస్తుంటే ఆయన కూడా పక్కకు జరగక తప్పలేదు.

ఆ తర్వాత నెల పైన ఆయన ఊరికి రాలేదు. ఒక ఊరి బోయీల నుంచి ఇంకో ఊరి బోయీలకు పల్లకితో పాటు ఆయనా చేతులు మారుతూ పోయాడు. ఎక్కడో ఒకచోట ఎవరికో ఒకరికి కాలు బెణికేది. బట్టలకు వచ్చిన వాళ్ళు కబుర్లు తెచ్చేవాళ్ళు. ఇప్పుడు ఫలానా ఊళ్ళో ఉన్నాడు, జుట్టు ముడి చూసి సాధువు అనుకుంటున్నారు అని. అంగడి ముందు సైకిలు బెల్లు మోగితే నా వేలికి సూది గుచ్చుకునేది. ఎందుకంటే మామ రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి ఏమీ మాట్లాడకుండా బియ్యం మూట మీద కూర్చుని, నేను గుడ్డ కత్తిరించడం చూసి పోయాడు. రెండోసారి నోరు విప్పాడు.

"జేబు నువ్వే గదా కుట్టింది."

అవునన్నాను.

"బాగ కుట్టినావ్" అన్నాడు. కత్తెర చేతిలోకి తీసుకుని, అంచు చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు. "వాడు పల్లకి దించినప్పుడు అయితాది లే. దించకుండా యాడికి పోతాడు."

మూడోసారి వచ్చింది వాళ్ళమ్మ. ఆమెను నేను అంతకుముందు చూడలేదు. చేతిలో ఒక పాత పంచ, ఉతికి మడిచింది. పెద్దోడిది అంది. అంటే పోయినవాడిది. ఏం చేయమంటావమ్మా అని అడిగాను. లోపలెక్కడో భయం వేసింది, దీన్ని కూడా ఏదో పగకు వాడబోతున్నారని.

"మెత్త కుట్టు నాయనా. కొమ్ము కింద, భుజం మీద పెట్టుకునేకి. తోలు లేసిపోయింటాది బిడ్డకు" అంది.

ఆమె అంగడి మెట్టు మీద కూర్చుని, నేను కుట్టేదాకా కదల్లేదు. మామకు తెలుసా అని అడిగాను. పెద్దోడు పోయిన రోజు నుంచి తనను ఎవరూ ఏమీ అడగలేదని చెప్పింది. పంచను ఎనిమిది మడతలు వేసి, అంచుల చుట్టూ రెండు వరసలు కుట్టి, మధ్యలో అడ్డదిడ్డంగా గట్టి కుట్లు వేశాను. నా చేతిలో అంత గట్టి పని అంతకుముందు రాలేదు.

దొర్నిపాడు వైపు ఒక ఊళ్ళో పల్లకి ఉందని విని, బస్సు దిగి నడిచి పోయాను. సాయంకాలం కావస్తోంది. స్వామి తెలుపు మీద ఉన్నాడు. ఈయన వేపచెట్టు కింద కూర్చుని, భుజానికి పసుపు పూసుకుంటున్నాడు. నిజంగానే తోలు లేచింది. మెత్త చేతికిచ్చాను. తిప్పి చూశాడు. పంచ అంచు గుర్తుపట్టాడు. అన్న కట్టుకోగా చూసిన అంచు కదా. ఎవరిచ్చారని అడగలేదు. భుజం మీద పెట్టుకుని, చేత్తో అదిమి పట్టుకున్నాడు. నేను మొహం అటు తిప్పుకున్నాను.

తర్వాత నడికట్టు విప్పి నా ఒళ్ళో వేశాడు. "ఈ జేబు ఇప్పెయ్యి. కూసుంటే ఒత్తుకుంటాండాది."

జేబు ఖాళీగా ఉంది. దానిలోది ఏమైందని అడిగాను.

"వంటాయనకు ఇచ్చినా. కొబ్బరికాయలు కొడ్తాండాడు. ఆయన కొడవలి మొద్దుబారింది."

చిన్న కత్తెర ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. కుట్లు విప్పడం మొదలుపెట్టాను. నా సిద్ధాంతం ఆయనకు గుర్తు చేయాలనిపించింది. కర్తవ్యం గెలిచిందన్నా, అని పుస్తకంలోలాగా అనాలనిపించింది. అప్పటికి నాకు అంత బుద్ధి వచ్చింది గనుక నోరు మూసుకున్నాను. ఆయన మొహంలో గెలుపు లాంటిది ఏమీ లేదు. అలసట ఉంది. ఆ మనిషి బతికే ఉన్నాడు, అన్న లేడు, రేపు పొద్దున ఇంకో ఊరు.

"ఇంటికి ఎప్పుడొస్తావన్నా?"

"కొండ ఎక్కిచ్చినాక. ఆడ తలనీలాలు ఇచ్చి వస్తా. ఊర్లో ఏమంటాండారు?"

చెప్పాను. దాచి లాభం లేదు. మామ మనుషులు వాళ్ళ ఇంటి గుమ్మానికి గాజులు కట్టిపోయారు. ఆడదానివి అని అర్థం.

"మాయమ్మ తీసి పెట్టిందా?"

పెట్టిందన్నాను. ఎవరికైనా పనికొస్తాయని దాచిపెట్టింది.

అప్పుడు మొదటిసారి నవ్వాడు. తెలుపు దగ్గర నుంచి ఎవరో పిలిచారు, బోయీలు లేవాలని. ఆయన నడికట్టు తీసుకుని కట్టుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు:

"ఆ రెక్కలోడు తలుపు తీసిండడప్పా."

"మరి?"

"ఎవరో పిలిచింటారు. పనుందని."

భుజం మీద మెత్త సర్దుకుని పోయాడు. నా చేతిలో జేబు ముక్క మిగిలింది, మోచేయంత పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు. గట్టి గుడ్డ. ఆళ్లగడ్డ తిరిగొచ్చాక దాన్ని మిషన్ కింద తుడుపు గుడ్డగా వాడాను, అరిగిపోయేదాకా.